భోంగా మోగినాక: ఓడ ఎక్కని డ్రమ్మర్

ఈ నెల కథ మన బస్తీ మనిషిది కాదు, మన దేశం మనిషిది కూడా కాదు. ఇంగ్లండులో పుట్టి అక్కడే కన్నుమూసిన ఒక డ్రమ్మర్‌ది. పేరు ఫిల్ సీమన్. ఆయనెవరు, మనకేం పని అంటారేమో. ఒక్కసారి మన గల్లీల్లో బెంజో పార్టీలకు, బ్యాండు మేళాలకు పోయి వాయించే పిల్లలు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండు చేతుల వేళ్లు చాలవు. ఈ నెల మాట వాళ్ల కోసం, వాళ్ల తల్లుల కోసం.

ముందు జాజ్ అంటే ఏమిటో రెండు ముక్కలు. అమెరికాలో నల్లజాతి వాళ్ల చేతుల్లో పుట్టిన సంగీతం అది. ఒక పాట వరస తీసుకుంటారు. అందరూ కలిసి ఒకసారి వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ దాన్ని అప్పటికప్పుడు తమకు తోచినట్టు అల్లుకుంటూ పోతారు. రాసిపెట్టుకున్నది తక్కువ, పక్కవాడిని విని జవాబు చెప్పేది ఎక్కువ. మన భజనలో గొంతు అందుకున్నవాడు ఎటు పోతాడో తెలియక ఢోలక్ వాయించేవాడు వాడి మొహమే చూస్తూ కూర్చుంటాడు చూడండి, అట్లాంటి పని.

డ్రమ్మర్ కూర్చునే తీరు చూస్తే నాకు మా తాత గుర్తొస్తాడు. రెండు చేతులకూ రెండు కాళ్లకూ వేరే వేరే పని. కుడికాలు కింద పెద్ద డ్రమ్ము. ఎడమకాలు తొక్కితే తాళాల్లాంటి రెండు పళ్లేలు మూసుకుంటాయి. కుడిచేతికి స్టాండు మీది కంచు పళ్లెం, ఎడమచేతికి ఒళ్లో ఉన్నట్టుండే చిన్న డ్రమ్ము. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్లతో పలకలు తొక్కుతూ, ఒక చేత్తో తాడు లాగి నాడెను పరుగెత్తిస్తూ, మరో చేత్తో పన్నెను దగ్గరికి గుంజుకుంటాడు గదా. ఒక్క కాలు తప్పిందంటే గుడ్డలో కనబడుతుంది. సాంచాల మీద బతికిన మా తరానికి ఆ లయ దక్కలేదు. మాది మోటారు లయ. అయినా చప్పుడు విని ఏ సాంచాలో తేడా వచ్చిందో చెప్పగలిగినవాళ్లు మాలో ఎంతమందో, చెవులు సగం పోయినా సరే.

సీమన్ 1926 ఆగస్టులో బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊళ్లో పుట్టాడు. బీరు కంపెనీల ఊరు అది. అక్కడి బావి నీళ్లలో ఉన్న ఖనిజాల వల్లే ఆ బీరుకు అంత పేరొచ్చిందని చెబుతారు. చిన్నప్పుడే కర్రలు పట్టాడు. 18 ఏళ్లకు, ఇంకా యుద్ధం నడుస్తుండగానే, నాట్ గొనెల్లా అనే పేరున్న ట్రంపెట్ వాయిద్యగాడి బ్యాండులో జీతానికి చేరాడు. తర్వాత జో లాస్ డాన్సు బ్యాండు. డాన్సు బ్యాండు పని అంటే మన షిఫ్టు పనిలాంటిదే. రోజూ అవే పాటలు, అదే వేగం. జనం కాలు కదపడానికి వస్తారు, డ్రమ్మర్‌ను వినడానికి రారు. కానీ చేతులు గట్టిపడేది అక్కడే. 1951లో జాక్ పార్నెల్ బ్యాండులోకి వచ్చాడు. ఆ పార్నెల్ తానే మంచి డ్రమ్మర్. తాను డ్రమ్మర్ అయ్యుండి, తన పక్కన ఇంకో డ్రమ్మర్‌ను కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి వాయించేవాళ్లు. మేస్త్రి అయినవాడు తనకంటే బాగా పని తెలిసినవాణ్ణి పక్కన నిలబెట్టుకోవడం మనం మిల్లుల్లో ఎంత చూశాం? నేనైతే చూడలేదు.

ఇక్కడ ఒక యూనియన్ సంగతి చెప్పాలి. మనవాళ్లకు యూనియన్ అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

మా దేశం వాయిద్యగాళ్లను మీరు రానివ్వడం లేదు, కాబట్టి మీవాళ్లను మేమూ రానివ్వం. 1935 ప్రాంతంలో మొదలైన ఈ పంచాయితీ దాదాపు 20 ఏళ్లు సాగింది. ఒక పక్క అమెరికా వాయిద్యకారుల సంఘం, మరో పక్క బ్రిటన్ సంఘం. ఎవరి పొట్టకూటిని వాళ్లు కాపాడుకోవాలనుకున్నారు. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. కానీ దాని వల్ల ఏమైందంటే, జాజ్ పుట్టిన చోటి నుంచి పెద్ద బ్యాండులు లండనుకు వచ్చి వాయించే దారి మూసుకుపోయింది. ఇంగ్లండు కుర్రాళ్లు ప్లేట్లు పెట్టుకుని, సూదిని వెనక్కి జరిపి జరిపి, విని నేర్చుకున్నారు. కొందరు ఇంకో ఉపాయం పట్టారు. న్యూయార్కు వెళ్లే పెద్ద ఓడల్లో ప్రయాణికుల కోసం బ్యాండు ఉండేది. అందులో ఉద్యోగం సంపాదించి, ఓడ రేవులో ఆగిన ఆ రాత్రో రెండు రాత్రులో క్లబ్బులకు పరుగెత్తి, వినాల్సినవాళ్లను విని, మళ్లీ ఓడ ఎక్కేవాళ్లు. రోనీ స్కాట్ అనే సాక్సఫోన్ వాయిద్యగాడు క్వీన్ మేరీ ఓడ మీద అట్లానే పనిచేశాడు. 1959లో లండనులో తన పేరుతో ఒక జాజ్ క్లబ్బు పెట్టింది ఈయనే. అది ఇప్పటికీ నడుస్తోంది.

1956లో రెండు సంఘాలూ రాజీకి వచ్చాయి. ఒక బ్యాండు ఇటు వస్తే ఒక బ్యాండు అటు పోవచ్చు. 1957 మొదట్లో రోనీ స్కాట్ బృందానికి అమెరికా పిలుపు వచ్చింది. డ్రమ్మర్ ఫిల్ సీమన్. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు. ఇంగ్లండులో ఆయనకు మించిన డ్రమ్మర్ లేడని తోటివాళ్లే అనేవాళ్లు. ఇన్నేళ్లూ ప్లేట్లలో విన్న మనుషుల ఊరికి, వాళ్ల ముందు కూర్చుని వాయించడానికి పోతున్నాడు.

రేవులో ఓడ ఎక్కబోయే ముందు కస్టమ్స్ వాళ్లు సోదా చేశారు. మత్తుమందు దొరికింది. సీమన్‌ను అక్కడే ఆపేశారు. ఓడ వెళ్లిపోయింది. ఆయన బదులు వేరే డ్రమ్మర్‌ను పంపించాల్సి వచ్చింది.

ఈ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 20 ఏళ్లు మూసి ఉన్న తలుపు తెరుచుకున్నది. లోపలికి పొమ్మని పిలుస్తున్నారు. చేతిలో టికెట్టు ఉంది. ఆ రోజు ఒక్క పూటకు ఆ పొట్లం ఇంట్లో వదిలిపెట్టలేకపోయాడా అంటారు మీరు. మొదట నేనూ అదే అన్నాను. వదిలిపెట్టగలిగితే దాన్ని అలవాటు అంటాం. వదిలిపెట్టలేని దశకు వేరే పేరుంది. హెరాయిన్ ఆయనను అప్పటికే ఆ దశకు తెచ్చింది.

సీమన్ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, లేదా ఇక్కడి నుంచి అంతా దిగజారుడే అన్నట్టు చెబుతారు. అది నిజం కాదు. ఆయన చేసిన గొప్ప పనులు కొన్ని ఆ ఓడ పోయిన తర్వాతవే.

1958 డిసెంబరులో లండనులో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ అనే సంగీత నాటకం మొదలైంది. లియొనార్డ్ బెర్న్‌స్టయిన్ కట్టిన సంగీతం. వేదిక ముందు గుంటలో కూర్చునే వాద్యబృందంలో డ్రమ్ములు సీమన్‌వి. అందులో ‘అమెరికా’ అనే పాట ఉంది. ఆయన అడుగుపెట్టలేని దేశం పేరే, రాత్రి రాత్రీ ఆ పాటను వాయించాడు. దాని లయ సంగతి మన పిల్లలకు చెప్పాలి, కర్రలు అక్కర్లేదు, తొడలు చాలు.

ఒకటి నుంచి ఆరు దాకా సమానంగా లెక్కపెడుతూ ఉండండి. ఎడమచేతిని ఒకటి మీద, నాలుగు మీద కొట్టండి. అంటే ఆరులో రెండు దెబ్బలు. అది కుదిరాక ఆపి, కుడిచేతిని ఒకటి, మూడు, అయిదు మీద కొట్టండి. ఆరులో మూడు దెబ్బలు. లెక్క అదే ఆరు, కానీ నడక మారిపోయింది. ‘అమెరికా’ పాట ఒక ఆరును రెండుగా, దాని వెంటనే వచ్చే ఆరును మూడుగా విరుస్తూ పోతుంది. చేతులు అలవాటయ్యాక రెండు చేతులూ ఒకేసారి పెట్టండి, ఎడమ రెండు, కుడి మూడు. మొదట చేతులు ఒకదాన్నొకటి లాగుతాయి. మా మనవడు మూడు రోజులు కొట్టి నాలుగో రోజు అందుకున్నాడు. వాళ్లమ్మ మాత్రం అన్నం ముందు పెట్టుకుని తొడలు బాదుకుంటున్నాడని నామీద పడ్డది.

ఆ నాటకం మీదే వాయిద్యగాళ్లు నవ్వుతూ చెప్పుకునే ఒక ముచ్చట ఉంది. ఒక రాత్రి సీమన్ డ్రమ్ముల ముందే తూగి నిద్రపోయాడు. పక్కవాడు పొడిచి లేపాడు. ఉలిక్కిపడి లేస్తూ పెద్ద గంటపళ్లేన్ని ఢామ్మని మోగించేశాడు. నాటకం ఆగినంత పనైంది. ఈయన లేచి నిలబడి, హాలంతటికీ వినబడేటట్టు, అయ్యలారా అమ్మలారా భోజనం సిద్ధం అన్నాడట. దొరల బంగళాల్లో భోజనానికి గంట కొట్టి పిలిచే రివాజు అక్కడిది. ఎంత నిజమో ఎంత పెంచిందో గానీ అందరూ ఆయన మీదే చెబుతారు. నేనూ నవ్వాను. నవ్వినాక ఆ నిద్ర ఎందుకొచ్చిందో గుర్తొచ్చింది.

పగలు నాటకం డబ్బు, రాత్రి జాజ్. టబ్బీ హేస్ అనే గొప్ప సాక్సఫోన్ కుర్రాడితో వాయించాడు, మరెందరితోనో వాయించాడు. అన్నిట్లోకీ నాకు పెద్దదిగా తోచింది జో హ్యారియట్‌తో చేసిన పని. హ్యారియట్ జమైకాలో పుట్టి, 1951లో ఇంగ్లండుకు వలస వచ్చిన మనిషి. పొట్ట చేత పట్టుకుని పరాయి ఊరికి వచ్చినవాళ్ల గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లవాడు, వలసవాడు, పైగా తలలో ఒక కొత్త ఆలోచన. వరస లేదు, తాళం లెక్క ముందే కట్టుకోవడం లేదు, అయిదుగురు కూర్చుని ఒకరినొకరు వింటూ సంగీతాన్ని అక్కడికక్కడే కట్టాలి అన్నాడు. 1960లో ‘ఫ్రీ ఫార్మ్’ అనే రికార్డు చేశారు. డ్రమ్ములు సీమన్‌వి. అప్పుడు చాలామంది మొహం చిట్లించారు. ఇదేం సంగీతం అన్నారు.

తాళం పట్టడమే బతుకైన మనిషికి, తాళం లేకుండా వాయించు అంటే ఏం చేస్తాడు? ఆ రికార్డు వింటే తెలుస్తుంది. కొన్నిచోట్ల చేతులు ఆపి ఊరికే ఉంటాడు. అవతల సాక్సఫోన్ ఒక్కటే మాట్లాడుతుంటుంది. అప్పుడు ఎక్కడో ఒక చిన్న తట్టు. ఉన్నాను, విన్నాను, కానియ్ అన్నట్టు. మళ్లీ మౌనం. మన పిల్లలు ఊరేగింపులో ఊపిరాడకుండా బాదుతారు గదా, వాళ్లకు ఇది వినిపించాలి. వాయించకుండా ఉండాల్సిన చోటు తెలిసినవాడే డ్రమ్మర్ అని మాకు పాతకాలపు డప్పు పెద్దలు చెప్పేవాళ్లు.

ఇక శిష్యుడి సంగతి. జింజర్ బేకర్ అని ఒక కుర్రాడు, 1939లో లండనులో పుట్టాడు. తండ్రి ఇటుకల పని చేసే మేస్త్రి, యుద్ధంలో పోయాడు. పిల్లాడికి అప్పటికి నాలుగేళ్లు. 1960 ప్రాంతంలో ఈ బేకర్ ఒక క్లబ్బులో వాయిస్తుంటే సీమన్ విన్నాడు. తన ఇంటికి తీసుకుపోయి ఆఫ్రికా డ్రమ్ముల రికార్డులు పెట్టాడు. ఆ డ్రమ్ముల్లో మనం పైన చెప్పుకున్న రెండూ మూడూ లెక్క, ఇంకా పెద్ద పెద్ద లెక్కలు, ఒకేసారి నడుస్తుంటాయి. దెబ్బ ఎక్కడుందో చూపించు అన్నాడట సీమన్. తల ఎక్కడుందో పట్టుకోవడమే అందులో అసలు పని. బేకర్ పట్టుకున్నాడు. ఆ రోజు తన ముందు ఒక తలుపు తెరుచుకుందని ఆయన జీవితాంతం చెప్పాడు. 1966లో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్‌లతో కలిసి ‘క్రీమ్’ అనే బృందం పెట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత నైజీరియా పోయి, లాగోస్‌లో రికార్డింగు స్టూడియో పెట్టి, ఆ డ్రమ్ములు పుట్టిన నేల మీదే కొన్నేళ్లు బతికాడు. అంతా సీమన్ ఇంట్లో ఒక గ్రామఫోన్ ముందు మొదలైంది.

ఇంకొకాయన చార్లీ వాట్స్. రైల్వే లారీ డ్రైవరు కొడుకు. రోలింగ్ స్టోన్స్ అనే పెద్ద బృందంలో 1963 నుంచి 2021లో పోయేదాకా డ్రమ్ములు ఆయనవే. సీమన్ అంటే చెవి కోసుకునేవాడు. 1962లో తానున్న ఒక బృందంలో సీటును బేకర్‌కు వదిలిపెట్టింది కూడా ఈయనే, నాకంటే వాడు బాగా వాయిస్తాడని. అంత మంచితనం ఎంతమందికి ఉంటుంది!

కానీ బేకర్ కూడా హెరాయిన్‌లో పడ్డాడు. దాదాపు 20 ఏళ్లు దానితో కొట్టుకున్నాడు. లయ గురువు నుంచి వచ్చింది. ఇదెట్లా వచ్చిందని అడిగితే, ఆ కాలంలో ఆ క్లబ్బుల గాలిలోనే ఉండేది. అమెరికాలో చార్లీ పార్కర్ అనే మహా వాయిద్యగాడు దీనితోనే బతికి 34 ఏళ్లకే పోయాడు. ఆయనలా వాయించాలంటే ఆయన తీసుకున్నదే తీసుకోవాలని కుర్రాళ్లు అనుకున్నారు. ఇంగ్లండులో 1968 దాకా మామూలు డాక్టరు కూడా హెరాయిన్ చీటీ రాసివ్వొచ్చు, అలవాటు పడ్డవాడు విలవిల్లాడి చావకుండా అన్న ఉద్దేశంతో. ఆ తర్వాతే క్లినిక్కులకు, లైసెన్సు ఉన్న డాక్టర్లకు మాత్రమే పరిమితం చేశారు. సీమన్ అట్లా పేరు రాయించుకున్న రోగి.

ఇప్పుడు మన బస్తీ మాట. ఢోలక్ మీద చేయి పెడితే గల్లీ అంతా లేచి వచ్చే ఒక అన్న మాకుండేవాడు. పేరు వద్దు, పిల్లలు మీ మధ్యే ఉన్నారు. కార్యక్రమానికి ముందు ఎవరో ఒకరు ఆయనను పక్కకు తీసుకుపోయేవాళ్లు. “రెండు గ్లాసులు పడితేనే అన్నకు చెయ్యి ఆడుతది” అని గొప్పగా చెప్పేవాళ్లు. ఆ మాట అన్నవాళ్లెవరూ తెల్లారి ఆయనను షిఫ్టుకు లేపలేదు. జీతం రోజు వదిన గేటు దగ్గర నిలబడితే, ఆ మాట అన్నవాళ్లే ఆమెను చూసి ఎగతాళి చేశారు. 50 దాటకుండానే వేళ్లు వణకడం మొదలైంది. ఆఖరి రెండేళ్లు ఢోలక్ గోడకు వేలాడింది.

ఆ గ్లాసులే చెయ్యి ఆడించాయని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. సీమన్ 18 ఏళ్లకు గొనెల్లా బ్యాండులో జీతానికి చేరినప్పుడు ఏ మందు వాయించింది? ఆయన చేతిలోది వేలసార్లు కొట్టి సంపాదించింది. మా అన్నది కూడా అంతే. ఆయన పదేళ్లప్పుడు వాళ్లమ్మ పిండి జల్లెడ బోర్లించి వాయించి దెబ్బలు తిన్నాడు. అప్పుడు ఏ గ్లాసు పోశారు?

బేకర్ గురువును మరిచిపోలేదు. 1970లో పెద్ద బృందం ఒకటి కట్టి ‘ఎయిర్ ఫోర్స్’ అని పేరు పెట్టినప్పుడు సీమన్‌ను పిలిచి అందులో కూర్చోబెట్టాడు. జనవరిలో లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో వాయించారు. అది రికార్డుగా ఉంది. శిష్యుడూ గురువూ ఒకే వేదిక మీద, పార్నెల్ రోజుల్లో లాగానే పక్కపక్కన. అప్పటికి సీమన్ ఒళ్లు బాగా చెడింది. 1972 అక్టోబరు 13న లండనులో తన ఇంట్లోనే నిద్రలో పోయాడు. 46 ఏళ్లు. మూడు నెలలు నిండకుండానే, 1973 జనవరిలో, జో హ్యారియట్ కూడా పోయాడు. ఆయనకు ఇంకా 45 కూడా నిండలేదు, చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఇంట్లో ఎవరి ఫోనులోనైనా జో హ్యారియట్ పేరు, ‘ఫ్రీ ఫార్మ్’ పేరు చెప్పి వెతికించుకోండి. మొదటిసారి ఏమీ అర్థం కాదు, గిన్నెలు పడ్డట్టుంటుంది, కోప్పడకండి. రెండోసారి సాక్సఫోన్‌ను పక్కన పెట్టి డ్రమ్ముల వెంటే పొండి. బెంజో పార్టీ పిల్లలు మాత్రం ముందు ఆ ఎడమ రెండు, కుడి మూడు పని పూర్తిచేసి రండి. అందినవాళ్లు ఆదివారం పొద్దున చౌక్ దగ్గరికొస్తే, రెండూ నాలుగుగా, మూడూ నాలుగుగా ఎట్లా కలపాలో కూర్చుని చూద్దాం. కర్రలు నేను తెస్తాను.